పొలము మట్టి పొలమునకే – బూడిద ఇటుకల తయారీ

సంక్రాంతి దాటి మాసూళ్లు ముగిసిన పిమ్మట మన పల్లెపట్టుల కాలువల వెంట, రహదారుల ప్రక్కల ఇటుకల బట్టీలు తలలెత్తుట ఏటేట చూచుచున్నదే. గోదావరి జిల్లాలలో వరి ఊకతోను, తక్కిన చోట్ల బొగ్గుతోను, కట్టెలతోను వీనిని కాల్చుట వాడుక. ఆ దినములలోనే బట్టీ యజమాని రైతు వాకిటికి వచ్చును. పొలము కొంచెము మెరకగా నున్నది, అడుగు లోతు మట్టి తీసికొని పోయినచో కాలువ నీరు సులభముగా ఎక్కును, పైగా చేతికి రొక్కము వచ్చును అని చెప్పును. రైతునకు ఆ మాట లాభముగానే తోచును. పిల్ల పెండ్లియో, బ్యాంకు బాకీయో ఎదుట నున్నప్పుడు మరియు లాభముగా తోచును. మరుసటి సంవత్సరము ఆ మడిలో పైరు పసుపు వన్నెకు తిరిగి, ఎరువు రెండింతలు వేసినను పూర్వపు దిగుబడి రానప్పుడు గాని తాను అమ్మిన దేమో అతనికి తెలియదు.

ఈ లెక్కను ఒకసారి వేసి చూతము. ఒక ఎకరములో అడుగు లోతు మట్టి సుమారు 1,200 ఘనపు మీటరు లుండును. తూకమునకు 1,800 టన్నులని చెప్పవచ్చును. ఒక్కొక్క ఇటుకకు మూడున్నర కిలోల మట్టి చొప్పున దానినుండి సుమారు 5 లక్షల ఇటుకలు వచ్చును. ఘనపు మీటరు కట్టుబడికి దాదాపు 500 ఇటుకలు పట్టును గనుక, 30 ఘనపు మీటర్ల గోడలు గల చిన్న పెంకుటింటికి 15 వేల ఇటుకలు కావలెను. అనగా ఒక ఎకరపు సారవంతమైన పైమట్టి మొత్తము ముప్పది మూడు ఇండ్ల గోడలకు సరిపోవు నన్నమాట. ఆ మట్టి తిరిగి ఏర్పడుటకు ప్రకృతికి పట్టు కాలము తరముల లెక్కకు అందదు. అంగుళము పైమట్టి కట్టుటకే వందల యేండ్లు పట్టును. ముప్పది మూడు ఇండ్లకై ఒక ఎకరమును శాశ్వతముగా నిస్సార మొనర్చుట తగునా యని మేము అడుగునది ఇందుకే.

ఇక రెండవ ప్రక్కకు చూతము. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుండి 40 పాళ్లు బూడిదయే. 500 మెగావాట్ల విద్యుదుత్పాదక యంత్రము నిండుగా నడచిన దినమున 7, 8 వేల టన్నుల బొగ్గును కాల్చి, రెండువేల టన్నులకు పైగా బూడిదను మిగుల్చును. ఇబ్రహీంపట్నము, పాల్వంచ, రామగుండము, పరవాడ, ముద్దనూరు – ఇట్టి కేంద్రముల చుట్టుప్రక్కల నివసించువారికి బూడిద చెరువు లన నేమో మేము చెప్ప నక్కరలేదు. వేసవి గాలికి ఆరవేసిన బట్టల మీద, త్రాగు నీటి బిందెల మీద, పైరు ఆకుల మీద పడు ఆ తెల్లని పొడి వారికి నిత్యపరిచితము. ఒక వంక పొలము మట్టి తరిగిపోవుచుండగా, మరియొక వంక ఇటుక కాగల పదార్థము గుట్టలుగా పేరుకొని పోవుచున్నది.

బూడిద ఇటుక ఎట్లగును అని పలువురు సందేహింతురు. పొయ్యిలోని బూడిదను నీటితో ముద్ద చేసి ఎండబెట్టిన అది పొడియై రాలిపోవుట అందరును ఎరిగినదే గదా! ఇచ్చట గ్రహింపవలసిన విషయ మొకటి గలదు. మన పూర్వులు గానుగలో సున్నమును ఆడించునప్పుడు కాల్చిన ఇటుకల పొడిని, అనగా సుర్కీని, కలుపుచుండిరి. సున్నము మాత్రమే వేసిన గారకంటె సుర్కీ కలిపిన గార తేమలో గూడ గట్టిపడి నిలుచుట వారు అనుభవమున కనుగొన్నారు. కారణ మేమనగా, మిక్కిలి వేడిమికి గురియైన మట్టిలోని సిలికా, అల్యూమినా అను పదార్థములు సున్నముతోను నీటితోను కలిసినప్పుడు మెల్లమెల్లగా రసాయనిక సంయోగము పొంది రాతివంటి బంధమును కల్పించును. సిమెంటును గట్టిపరచునదియు ఈ జాతి బంధమే. విద్యుత్కేంద్రపు కొలిమిలో పొడి బొగ్గు మండునప్పుడు అందలి మట్టిపాలు కరగి, పొగతోపాటు ఎగిరి, గాలిలోనే చల్లారి సన్నని గాజు పూసలుగా మారును. ఆ పూసలే ఎగురు బూడిద. కావున సుర్కీ చేయు పనిని ఇది మరింత చక్కగా చేయును. పొయ్యి బూడిదలో ఆ గుణము లేదు. రెండింటిని ఒకటిగా భావించుటయే సందేహమునకు మూలము.

ఈ విద్యలో మన తెలుగునాటికి ప్రత్యేకమైన పాత్ర గలదని చెప్పుటకు సంతసించుచున్నాము. 1990 ప్రాంతమున విశాఖపట్నమునకు చెందిన డాక్టరు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను శాస్త్రజ్ఞులు బూడిద, సున్నము, జిప్సము – ఈ మూటిని తగు పాళ్లలో కలిపి, బట్టీలో కాల్చకయే ఇటుకలు చేయు పద్ధతిని రూపొందించి దానికి ‘ఫాల్-జీ’ అని పేరిడిరి. బూడిదయు సున్నమును కలిసి గట్టిపడుటకు చాల దినములు పట్టును. చిన్న కార్ఖానాదారు అంతకాలము సరకును నిలువ యుంచలేడు. జిప్సము చేరినచో బూడిదలోని అల్యూమినాతో కలిసి తొలి దినములలోనే కొంత బలమును తెచ్చును. ఆవిరి యంత్రములును, పెద్ద పీడన యంత్రములును లేకయే చిన్నవారు సైతము ఇటుకలు చేయుటకు ఇదియే వీలు కల్పించినది. సున్నము కూడ కొనుగోలు సరకే కానవసరము లేదు. ఎసిటిలీన్ వాయువు తయారగు చోట్ల మిగులు సున్నము, ఎరువుల కర్మాగారములలో మిగులు జిప్సము ఇందుకు పనికివచ్చును. కర్మాగారపు జిప్సమును వాడువారు మాత్రము పరీక్షాపత్రము లేనిదే తీసికొనరాదు, ఏలయన అందు ఆమ్లశేషములును ఇతర మలినములును ఉండవచ్చును.

తయారీ విధానము కష్టమైనది కాదు, కాని ఓపిక కోరును. నూరు పాళ్ల మిశ్రమమునకు బూడిద 55 నుండి 60 పాళ్లు, సున్నము 15 నుండి 20, జిప్సము 5, మిగిలినది ఇసుక లేక క్వారీ పొడి – ఇది పని మొదలిడువారికి తగిన కొలత. సున్నము దొరకని చోట సున్నమునకును జిప్సమునకును మారుగా 8 నుండి 10 పాళ్ల సిమెంటు వేసి, ఆ తగ్గిన మేరకు రాతిపొడిని పెంచెదరు. ఏ కేంద్రపు బూడిదకు ఏ పాళ్లు సరిపడునో నమూనా ఇటుకలు చేసి పరీక్షింపించినగాని నిర్ణయింపరాదు. సున్నము పూర్తిగా విరిసినదై జల్లెడ పట్టినదై యుండవలెను. విరియని సున్నపు పలుకు ఒక్కటి లోపల మిగిలిన, గోడ కట్టిన పిమ్మట తేమ తగిలి ఉబ్బి, ఇటుక ముఖమును పగులగొట్టును. బూడిద సంగతియు నట్టిదే. కొలిమి పొగనుండి పొడిగా పట్టిన బూడిద సన్నముగా నుండి చురుకుగా పనిచేయును. నీటితో చెరువునకు తోలిన బూడిద ముతకది, అందు చురుకుదనము తక్కువ. ఉచితముగా దొరకునని చెరువు బూడిదనే పూర్తిగా వాడి, సున్నము కూడ తగ్గించువారు ఇటుక పేరిట ఇసుక ముద్దను అమ్ముచున్నారని చెప్పక తప్పదు.

పొడులను మొదట పొడిగానే కలిపి, పిమ్మట నీరు చిలకరించుచు మిక్సరులో త్రిప్పవలెను. పిడికిట పట్టి నొక్కిన ముద్ద కట్టవలెను, కాని వ్రేళ్ల సందున నీరు కారరాదు. అచ్చు యంత్రములో నొక్కి తీసిన పచ్చి ఇటుకలను పలకలపై నీడలో ఒకటి రెండు దినము లుంచి, పిదప దొంతులు పేర్చి, 14 దినములకు తక్కువ కాకుండ, వీలైన 21 దినములు, దినమునకు రెండు మూడు సార్లు నీరు పట్టవలెను. గోనెపట్టాలు కప్పిన తడి నిలుచును. కాల్చు ఇటుకకు నిప్పు ఎట్టిదో బూడిద ఇటుకకు నీరు అట్టిది. ఈ ఒక్క మాటను జ్ఞప్తియందుంచుకొనిన చాలును.

ఈ మాట మేము ఊరక చెప్పుట లేదు. రెండేండ్ల క్రిందట ప్రచార పర్యటనలో ఒక గ్రామమునకు పోయినప్పుడు, బూడిద ఇటుకల మేలును గూర్చి మేము ఉత్సాహముగా ప్రసంగించుచుండగా వెనుక వరుసనుండి ఒక రైతు లేచి, “అయ్యా, మీరు చెప్పేది బాగానే ఉంది. ఒక్కసారి మా ఇంటికొచ్చి గోడ చూసి, ఆ మాట మళ్లీ చెప్పండి” అనెను. సభ ముగిసిన పిమ్మట వెళ్లి చూచితిమి. ఇంటి వెనుక గోడ క్రింది నాలుగు వరుసలు చేతితో తడిమిన పొడి రాలుచుండెను. ఇంటి ఇల్లాలు చీపురుతో ప్రతి దినము ఆ పొడిని ఎత్తిపోయుచున్నదట. కొత్తగా వేసిన సున్నము పెచ్చులుగా ఊడి నేలపై పడియున్నది. అతడు బిడ్డ పెండ్లికి దాచిన సొమ్ములో కొంత తీసి ఆ గది వేసికొనెనని విని మేము సిగ్గుపడితిమి. విచారింపగా, ఇటుకలను అచ్చు తీసిన అయిదవ దినముననే లారీకెక్కించిరని తేలినది. వేసవి కాలము, బోరులో నీరు చాలలేదు, అడిగిన సరకు ఎక్కువ. తయారుదారు నీరు పట్టుట మానెను. అంతకుముందు మా ప్రసంగములలో నీటి మాట ఒక వాక్యముతో సరిపెట్టుచుంటిమి. తప్పు ఇటుకలది కాదు, కొంత మాది కూడ.

ఆ దినమున మా వెంట నున్న ఊరి మేస్త్రీగారు చెప్పిన పరీక్షలను, ప్రయోగశాలల వాడుకను కలిపి ఇచ్చట పొందుపరచుచున్నాము. ఇవి ఖర్చు లేనివి. మొదట గోటితో గీయవలెను. గాడి పడిన ఇటుక పనికిరాదు. రెండవది, నడుము ఎత్తునుండి గట్టినేలపై వదలవలెను. మంచి ఇటుక ముక్కలు కాదు. మూడవది ముఖ్యమైనది. ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో ముంచి యుంచి, పైతడి తుడిచి మరల తూచవలెను. పెరిగిన బరువు నూటికి 20 పాళ్లు మించరాదు. మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరువందల గ్రాములు దాటిన దానిని తిరిగి పంపవచ్చును. మరియు ఇటుకను నిలువుగా అంగుళము నీటిలో నిలిపి, ఆ నీరు ఇగిరిపోవువరకు నీడను ఉంచిన, అందలి లవణములు తెల్లని పొరగా పైకి తేలును. పొర పలుచగా అక్కడక్కడ నున్న దోషము లేదు. దళసరిగా కట్టి పొడి రాలినచో అట్టి సరకు వలదు. బూడిద ఇటుకలు రెండింటిని తట్టిన కాల్చిన ఇటుకలవలె కంచు మ్రోత మ్రోగవు. ఆ కారణమున వానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

బలము మాట. సాధారణపు కాల్చిన ఇటుకలలో కడపటి తరగతికి చదరపు సెంటీమీటరునకు 35 కిలోల ఒత్తిడి ఓర్చిన చాలునని ప్రమాణము. సరిగా నీరు పట్టిన బూడిద ఇటుక 75 కిలోలు ఓర్చుట కష్టము కాదు. బూడిద–సున్నపు ఇటుకలకు భారతీయ ప్రమాణముల సంస్థ వారి ఐ.ఎస్. 12894, బూడిద–సిమెంటు ఇటుకలకు ఐ.ఎస్. 16720 అను ప్రమాణములు గలవు. పెద్ద యెత్తున కొనువారు, ముఖ్యముగా పాఠశాలలకును పంచాయతీ భవనములకును కొనువారు, ఆ ప్రమాణమును కాగితముపై వ్రాయించుకొని దగ్గరి పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగు కళాశాలలోనో నమూనాలను పరీక్షింపించుట మంచిది.

కూలిన గోడల విషయము వేరు. ఊరిలో పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఆ శిథిలములను చెరువు గట్టుననో, రోడ్డు ప్రక్క గుంటలోనో పారబోయుట వాడుకయైనది. దానివలన చెరువు పూడును, మురుగు కాలువ అడ్డుపడును. మొదట చేయవలసినది చెక్కుచెదరని పాత ఇటుకలను ఏరి, గార గీకి తిరిగి వాడుట. దీనిని మించిన పొదుపు లేదు. మిగిలిన ఇటుక ముక్కలను, కాంక్రీటు పెళ్లలను యంత్రమున పిండి చేసి జల్లించినచో ఇసుకకు మారుగా ఇటుకలలోను, దారి పరచు బిళ్లలలోను చేర్చవచ్చును. ఈ పొడి మామూలు ఇసుకకంటె ఎక్కువ నీరు పీల్చును గనుక ముందుగా తడిపి యుంచవలెను. కొయ్య, ప్లాస్టిక్, రంగుల పెచ్చులు, ముఖ్యముగా జిప్సము పలకలు ఏరివేయవలెను. జిప్సము అదుపు తప్పి చేరిన సిమెంటు కట్టుబడి ఉబ్బి పగులును. పాత కప్పుల ఆస్బెస్టాస్ రేకులను మాత్రము ఎంతమాత్రము పిండి చేయరాదు. దాని నూగు ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. నగరములలో ఇట్టి పని పెద్ద యెత్తున సాగుచున్నది. ఢిల్లీలోని బురారీలో 2009 ప్రాంతమున మొదలైన కేంద్రము దేశమున తొలిదిగా పేరొందినది. హైదరాబాదులోని జీడిమెట్లలో దినమునకు 500 టన్నుల శిథిలములను శుద్ధి చేయగల కేంద్రము 2020 సంవత్సరమున ప్రారంభమైనది. కట్టడముల వ్యర్థములను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2016 సంవత్సరమున నియమములు చేసినది. పల్లెలో ఒక్కొక్క ఇంటికై యంత్రము పెట్టుట గిట్టదు. నాలుగైదు పంచాయతీలు కలిసి శిథిలములను ఒక చోట చేర్చినచో సంచార యంత్రమును పిలిపించుట సాధ్యము.

తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతముల నాపరాతి పలకలను నునుపు చేయునప్పుడు దిగు పొడి, చీమకుర్తి గ్రానైటు పొడి సైతము ఇటుకలలో చేరదగినవే. కాని ఒక భేదము మరువరాదు. రాతిపొడి ఖాళీలను నింపును గాని సున్నముతో చేరి బలమును పుట్టింపదు. దానిని బూడిదకు మారుగా వాడినవారు మోసపోదురు. ఇసుకకు మారుగా వాడినవారు బాగుపడుదురు. వరి ఊక బూడిదను గూర్చియు రైతులు మమ్ము తరచుగా అడుగుచుందురు. టన్ను వడ్లకు సుమారు 200 కిలోల ఊక, ఆ ఊకకు సుమారు 40 కిలోల బూడిద వచ్చును. అందు సిలికా సమృద్ధిగా నున్నది. మితమైన వేడిమిని కాలిన తెల్లబూడిదయే చురుకైనది; మిల్లు బాయిలరులో మిక్కుటమైన వేడిమికి కాలినది, నల్లగా బొగ్గు మిగిలినది అంతగా పనికిరాదు. కనుక మిల్లు బూడిద నంతటిని ఒక్క గాట కట్టరాదు.

కట్టుబడిలో మేస్త్రీలు గమనింపదగిన సంగతులు కొన్ని గలవు. బూడిద ఇటుకలు ఒకే కొలతకు వచ్చును గనుక సందు గార సెంటీమీటరు మించి పెట్ట నక్కరలేదు. సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్ల గార చాలును. గార మరీ బలమైనదైన సన్నని పగుళ్లు ఎక్కువగును. కాల్చిన ఇటుకలవలె తొట్టిలో మునుగునట్లు నానబెట్టక, పైన నీరు చల్లిన చాలును. అచ్చు తీసి 28 దినములు గడువని ఇటుకను గోడలో పెట్టరాదు, ఏలయన అది ఇంకను కుదించుకొనుచునే యుండును. నునుపైన ముఖమున పూత పట్టదని కొందరందురు; సందులను గీకి గాడి చేసి పూత వేసిన ఆ బాధ యుండదు. నల్లరేగడి నేలలో పునాది సరిగా వేయక, గోడ బీటలువారినప్పుడు ఇటుకను నిందించువారిని కూడ మేము చూచితిమి. అది ఏ ఇటుకకైనను అన్యాయమే.

పొదుపు సంఘముల అక్కచెల్లెండ్రు, చదువుకొని ఊరిలోనే యున్న యువకులు ఈ పరిశ్రమను పెట్టదలచినచో, యంత్రము బేరమాడుటకు ముందు బూడిద ఎచ్చటినుండి ఎంత దూరమునుండి వచ్చునో తేల్చుకొనవలెను. మొదట యంత్రము కొని, పిమ్మట బూడిదను వెదకువారు పలువురు నష్టపోయిరి. బూడిద ధరకంటె లారీ కిరాయి పెద్దది. 1999 సెప్టెంబరున కేంద్ర ప్రభుత్వము వెలువరించిన ఉత్తరువు ననుసరించి విద్యుత్కేంద్రమునకు 50 కిలోమీటర్లలోపు ఇటుకలు చేయువారు కనీసము నూటికి 25 పాళ్లు బూడిద కలుపవలసి వచ్చెను. 2003 లో ఆ దూరము 100 కిలోమీటర్లకును, 2016 లో 300 కిలోమీటర్లకును పెరిగినది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తరువు ముఖ్యభారమును విద్యుత్కేంద్రములపైననే మోపి, వినియోగింపని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున పరిహారమును విధించినది. కావున బూడిద కోరుచు వచ్చువారిని తరిమివేయుటకు నేడు ఎవరికిని హక్కు లేదు. వ్రాతమూలకముగా అర్జీ పెట్టుకొనవలెను.

15 వేల ఇటుకలకు సుమారు 25 టన్నుల బూడిద పట్టును. అనగా పైన చెప్పిన యంత్రమొక్కటి ఒక్క దినమున మిగుల్చు బూడిద 80 ఇండ్లకు చాలును. కాల్చు పని లేదు గనుక బొగ్గును ఊకయు మిగులును. బట్టీ పనికై ఒడిశాలోని బలంగీరు వంటి ప్రాంతములనుండి పసిపిల్లలతో తరలివచ్చి, బట్టీ ప్రక్కనే గుడిసెలలో ఆరు నెలలు గడుపు కుటుంబముల కష్టమును ఎరిగినవారికి ఊరివారు ఊరిలోనే ఏడాది పొడవునా చేసికొనదగిన పని యెంత విలువైనదో వివరింప నక్కరలేదు. అయితే ఇచ్చటను జాగ్రత్త వలయును. బూడిదను, సున్నమును ఎత్తిపోయువారు ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ధరింపవలెను. సున్నపు పొడి కంటిలో పడిన వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని కడకు పోవలెను.

మేము చూచిన ఆ రైతు గోడ విషయమై విచారింతురేమో! క్రింది నాలుగు వరుసలను కొంచెము కొంచెముగా తొలగించి, ముట్లు పెట్టి, నీరు సరిగా పట్టిన ఇటుకలతో తిరిగి నింపిరి. క్రొత్త ఇటుకలు తెచ్చుటకు రైతు స్వయముగా కార్ఖానాకు వెళ్లి, ప్రతి దొంతిపై అచ్చు తీసిన తేదీ సుద్దముక్కతో వ్రాసియున్నదో లేదో చూచెనట. తేదీ లేని దొంతి వద్ద నిలువక, తేదీ యున్న దొంతినుండి ఒక ఇటుకను తీసి, చంకన బెట్టుకొని ఇంటికి తెచ్చి, బిందెలో ముంచి, మరునాటి ఉదయము కిరాణా కొట్టు కాటాపై తూచి, అటుపిమ్మట ట్రాక్టరును పంపెను.